అనంతపురంలో మా మిద్దెగది వాయిస్ ల్యాబ్: కొన్నేళ్లు వాడాక

సిస్కో కంపెనీ వాయిస్ (ఆఫీసు ఫోన్లను నెట్‌వర్క్ మీద నడిపే విద్య) సర్టిఫికేషన్ కోసం ఇంట్లో ల్యాబ్ పెట్టుకుందామనుకునేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒకటే: రౌటర్లు గుట్టగా కొనొద్దు. ముందు నెట్‌వర్క్ కేబుల్ మీద నడిచే అసలైన ఐపీ ఫోన్లు రెండు, కేబుల్లోనే వాటికి కరెంటిచ్చే పీఓఈ స్విచ్ ఒకటి తెచ్చుకోండి. మిగతావి నిదానంగా చేరతాయి. సాయినగర్‌లో మా ఇంటి మిద్దెగదిలో ఈ ల్యాబ్ కొన్నేళ్లుగా నడుస్తోంది. మొదలుపెట్టినప్పుడు తొలి మెట్టు సర్టిఫికెట్‌గా సీసీఎన్ఏ కొలాబరేషన్ ఉండేది. 2020 ఫిబ్రవరిలో దాన్ని ఎత్తేసి, పై మెట్టు సీసీఎన్పీ కొలాబరేషన్‌ను 350-801 కోర్ పరీక్ష, దానికి తోడు ఇంకో ఐచ్ఛిక పరీక్షగా మార్చారు. సిలబస్ మారినా సామాను మాత్రం అదే పనికొస్తూ ఉంది.

ఫోన్లు సిస్కో 7942 రకం. కాల్ సెంటర్లు మూసేసినప్పుడో, మార్చేసినప్పుడో ఇలాంటివి బెంగళూరు ఎస్పీ రోడ్డులో కుప్పలుగా దిగుతాయి. పొద్దున రైలెక్కితే రాత్రికి తెచ్చుకోవచ్చు. 7940, 7960 ఇంకా చౌకగా దొరుకుతాయి గానీ నేనైతే వద్దంటాను. అవి సిస్కో పాత పద్ధతి ఇన్‌లైన్ పవర్‌నే తీసుకుంటాయి, అన్ని కంపెనీలూ వాడే 802.3ఏఎఫ్ పీఓఈ ప్రమాణం వాటికి తెలియదు. వేరే కంపెనీ పీఓఈ స్విచ్‌కు తగిలిస్తే వెలగనే వెలగవు. కొట్లోనే ఫోన్‌ను ఒకసారి ఫ్యాక్టరీ రీసెట్ చేయించి చూసుకోండి: పవర్ ఇస్తూ హ్యాష్ బటన్ నొక్కిపట్టి, లైట్లు వరసగా మెరిసేటప్పుడు 123456789 స్టార్ 0 హ్యాష్ నొక్కాలి. పాత ఆఫీసు సెట్టింగులు పోకపోతే ఇంటికొచ్చాక తలనొప్పి.

సాఫ్ట్‌ఫోన్ (కంప్యూటర్‌లో నడిచే ఫోన్ ప్రోగ్రాం) చాలదా అని చాలామంది అడుగుతారు. కాల్ చేయడానికి చాలు, చదువుకు చాలదు. అసలు ఫోన్‌కు కేబుల్ పెట్టగానే జరిగేదంతా కంటిముందు నడుస్తుంది. కరెంటు అందుకుంటుంది, సిస్కో పరికరాలు ఒకదాన్నొకటి పలకరించుకునే సీడీపీలో స్విచ్ చెప్పిన వాయిస్ వీల్యాన్ (ఫోన్లకు విడిగా కేటాయించిన నెట్‌వర్క్) నంబరు తెలుసుకుంటుంది, అడ్రసులు పంచే డీహెచ్‌సీపీ నుంచి ఐపీతోపాటు ఆప్షన్ 150 (సెట్టింగుల ఫైళ్లుండే సర్వర్ అడ్రసు) తీసుకుంటుంది, ఆ అడ్రసులోని టీఎఫ్‌టీపీ సర్వర్ దగ్గరికెళ్లి తన మ్యాక్ అడ్రస్ (ఫోన్‌కు తయారీలోనే ఇచ్చిన నంబరు) పేరుతో ఉన్న ఫైలు అడుగుతుంది, ఆ తర్వాతే కాల్స్ నడిపే సర్వర్ కాల్ మేనేజర్‌కు 2000 పోర్టులో రిజిస్టర్ అవుతుంది. ఆప్షన్ 150 తీసేసి చూడండి, వీల్యాన్ నంబరు మార్చి చూడండి. ఫోన్ ఎక్కడ ఆగిపోయిందో తెర మీదే కనిపిస్తుంది. ఒక సాయంత్రమంతా ఇలా చెడగొట్టి బాగుచేస్తే, పుస్తకంలో పది పేజీలు చదివినా నిలవని వరస మనసులో నిలిచిపోతుంది.

స్విచ్ 3560 ఎనిమిది పోర్టులది. ఫ్యాన్ లేదు, కాబట్టి చప్పుడు లేదు. ఎనిమిది పోర్టులకూ కలిపి 124 వాట్లు ఇస్తుంది, అంటే పోర్టుకు 15.4. ఈ ల్యాబ్‌లో నాకు బాగా నచ్చిన వస్తువు ఇదే.

రౌటర్లు రెండు, ఒకటి 2811, ఇంకొకటి 2901. 2811 ఆఫీసు ర్యాక్ కోసం చేసింది, పడుకునే గదిలో దాని ఫ్యాన్ మోతకు నిద్ర పట్టదు. దాని సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ కూడా 15.1 దాటి పోదు. ఇప్పుడు కొనేవాళ్లు 2901 చూసుకోవడం మేలు. కొనేముందు రెండు విషయాలు తేల్చుకోండి: యూసీ (వాయిస్) లైసెన్స్ తెరిచి ఉందా, లోపల పీవీడీఎం కార్డు ఉందా. పీవీడీఎం లేని రౌటర్‌లో గొంతు సిగ్నళ్లను మార్చే చిప్, డీఎస్పీ, ఉండదు. డీఎస్పీ లేకపోతే ఈ1 లైనులో (ఎక్స్చేంజి నుంచి వచ్చే డిజిటల్ లైను) వాయిస్ నడవదు, ట్రాన్స్‌కోడింగ్ (గొంతును ఒక కుదింపు పద్ధతి నుంచి ఇంకోదానికి మార్చడం) జరగదు. ధర తక్కువని ఖాళీ రౌటర్ తెచ్చుకుంటే ఆ మిగులు పీవీడీఎం వెతకడానికే పోతుంది.

రెండో రౌటర్ ఎందుకంటే, అది నా ఇంట్లో టెలిఫోన్ ఎక్స్చేంజి. రెండింటిలోనూ ఈ1 కార్డులు పెట్టి, 1వ పిన్నుకు 4, 2కి 5 కలిపిన క్రాసోవర్ కేబుల్ వేశాను. ఒకవైపు క్లాక్ ఇంటర్నల్, రెండోవైపు లైన్ నుంచి. ఎక్స్చేంజి పాత్రలో ఉన్న రౌటర్‌కు ఐఎస్‌డీఎన్ ప్రోటోకాల్-ఎమ్యులేట్ నెట్‌వర్క్ అనే కమాండు ఇవ్వాలి. ఈ1లో 30 కాల్స్ వెళ్తాయి, 16వ టైమ్‌స్లాట్ సిగ్నలింగ్‌ది (కాల్ కలిపే సందేశాలది). ల్యాబ్‌కు ఐదు ఛానెళ్లు తెరిస్తే సరి, డీఎస్పీలు మిగులుతాయి. ఇక ఆ సందేశాల్ని చూపే క్యూ931 డీబగ్ పెట్టి కాల్ చేస్తే సెటప్, అలర్టింగ్, కనెక్ట్ ఒకదాని వెంట ఒకటి దిగుతాయి. లేని నంబరు కొడితే కాల్ ఎందుకు ఆగిందో చెప్పే కాజ్ కోడ్ 1, బిజీ అయితే 17, మామూలుగా పెట్టేస్తే 16. ఇంటి అసలు ల్యాండ్‌లైన్‌ను రౌటర్‌లోని ఎఫ్ఎక్స్ఓ (మామూలు ఫోన్ లైను తగిలించే) పోర్టుకు తగిలించి ఆడుకోవాలనిపిస్తుంది. తగిలించొద్దు. బయటి ఫోన్ కాల్‌ను ఐపీ నెట్‌వర్క్‌లో కలపడం మీద మన దేశంలో నియమాలున్నాయి. కాల్ మేనేజర్‌లో బయటి కాల్స్, ఐపీ కాల్స్ కలవకుండా ఆపే లాజికల్ పార్టిషనింగ్ అనే సదుపాయం ఉన్నదే ఇలాంటి చట్టాల కోసం. దాన్ని ఈ ఉత్తుత్తి ఎక్స్చేంజితోనే అభ్యాసం చేయొచ్చు.

ఒక ఫోన్ కింద వంటింటి పక్కన పెట్టాను. రోజూ రాత్రి అమ్మ అక్కణ్నుంచే "సంగటి చేసినా, దిగి రా నాయనా" అంటుంది. ఒకసారి కాల్ మేనేజర్‌లో ఆ ఫోన్‌ను వేరే రీజియన్‌లో (ఏ కోడెక్ వాడాలో తేల్చే గుంపు) వేశాను, గొంతును కుదించే పద్ధతి, అంటే కోడెక్, జీ.729కి దిగింది. "గొంతు పట్టేసిందా నీకు?" అంది వెంటనే. జీ.711 అయితే ఐపీ స్థాయిలో కాల్‌కు సెకనుకు 80 కిలోబిట్లు, జీ.729 అయితే 24. ఆ తేడా మా అమ్మ చెవికి అందింది. మా వీధి పిల్లవాడొకడు ఇక్కడే చదువుకుంటున్నాడు. "అన్నా, రింగ్ అయితాంది, నా మాట వాళ్లకు పోతాంది, వాళ్లది నాకు రావట్లేదు" అని వచ్చాడు. సిగ్నలింగ్ కాల్ మేనేజర్‌తో జరుగుతుంది, గొంతును మోసే ఆర్టీపీ మాత్రం ఫోన్‌నుంచి ఫోన్‌కు నేరుగా పోతుంది. ఒకవైపు రూట్ లేకపోతే ఇలాగే అవుతుంది. ఇంటర్వ్యూల్లో ఎక్కువగా అడిగే ప్రశ్నల్లో ఇదొకటి, వాడికి ఇక్కడే దొరికింది.

కాల్ మేనేజర్ పాత వర్క్‌స్టేషన్‌లో వర్చువల్ మెషీన్‌గా నడుస్తోంది. ర్యామ్ 16 జీబీకి తగ్గితే కష్టం, వాయిస్‌మెయిల్ సర్వర్ యూనిటీ కనెక్షన్ కూడా కావాలంటే 32. వర్చువల్ మెషీన్లు నడిపే ఉచిత ఈఎస్ఎక్స్ఐని 2024 ఫిబ్రవరిలో ఆపేసి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ ఇచ్చారు. కాల్ మేనేజర్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సరైన సమయం చెప్పే ఎన్‌టీపీ అందకపోతే అడుగు ముందుకు పడదు, రౌటర్‌నే ఎన్‌టీపీ మాస్టర్ చేస్తే గొడవ తీరుతుంది. డెమో గడువు పాత వెర్షన్లలో 60 రోజులు, 12 నుంచి 90, అందుకే డయల్ ప్లాన్ (ఏ నంబరు ఎటు పోవాలనే లెక్క) అంతా కాగితం మీద రాసిపెట్టుకుని మళ్లీ వేసుకుంటాను. మళ్లీ మళ్లీ వేయడమే మంచి అభ్యాసం కూడా.

మన ఊళ్లో అసలు శత్రువు కరెంటు కోత. కాల్ మేనేజర్‌ను సరిగా షట్‌డౌన్ చేయకుండా ఆగిపోనిస్తే ఫైల్ సిస్టమ్ చెడిపోవచ్చు, అప్పుడు రికవరీ డిస్క్‌తో కూర్చోవాలి. మామూలు ఇన్వర్టర్ ఉంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి, లేకపోతే మారే ఆ క్షణంలోనే మెషీన్ రీస్టార్ట్ అవుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటితే మిద్దెగది పొయ్యిలా ఉంటుంది. ఆ రోజుల్లో నేను తెల్లవారుజామునే కూర్చుంటాను, పది గంటలకల్లా అన్నీ ఆపేస్తాను.

ఇప్పుడే మొదలుపెట్టేవాళ్లు ఈ1 కార్డులు తర్వాత చూసుకున్నా పరవాలేదు. ఉద్యోగాల్లో ఎక్కువగా అడుగుతున్నది సిప్ ట్రంకు (టెలికాం కంపెనీ ఐపీ మీద ఇచ్చే ఫోన్ లైను), దాన్ని అందుకునే సరిహద్దు రౌటర్ క్యూబ్. 2901ని క్యూబ్‌గా పెట్టి, ఏదైనా పాత కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే ఫోన్ సర్వర్ ఆస్టెరిస్క్‌ను టెలికాం కంపెనీ స్థానంలో నిలిపి, ఇన్వైట్, 200 ఓకే, ఏక్ అనే సిప్ సందేశాల వరసను ప్యాకెట్లు విప్పి చూపే వైర్‌షార్క్‌లో చూడండి. ఎస్‌డీపీలో (ఆ సందేశాల్లో కోడెక్ ఒప్పందం ఉండే భాగం) రెండువైపులా కోడెక్‌లు చెరోటి పెట్టి కాల్ ఎందుకు తెగిందో వెతకండి. దానికి రెండు ఫోన్లు, ఒక స్విచ్, ఒక రౌటర్, ఒక కంప్యూటర్ సరిపోతాయి.