టమాటా, మిరప నారుకు సూక్ష్మ శైవల సారం: రెండు విడతలు వాడి చూశాక

ప్రోట్రేలలో (చిన్న చిన్న గుంటలున్న ట్రేలలో) పెంచే టమాటా, మిరప నారుకు క్లోరెల్లా అనే సూక్ష్మ శైవలం (కంటికి కనిపించనంత చిన్న నాచు) సారంతో తయారై, మొక్కల పెరుగుదలను ప్రేరేపించే ఒక ద్రవ బయోస్టిమ్యులెంట్‌ను రెండు విడతలు వాడాను. ప్రతిసారీ సగం ట్రేలకు మామూలు నీరే పోసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చుకున్నాను.

తేడా ఆకుల్లో కంటే వేళ్లలో స్పష్టంగా కనిపించింది. సారం పోసిన టమాటా మొక్కను కాడ పట్టుకుని మెల్లగా పైకి లాగితే, తెల్లని సన్నటి పీచు వేళ్లు కోకోపీట్‌ను (ట్రేలో నింపే కొబ్బరి పొట్టును) నాలుగు వైపులా అల్లుకుని ఉండటంతో గడ్డ చెదరకుండా మొత్తంగా వచ్చింది; నీరు మాత్రమే పోసిన వాటిలో చాలా గడ్డలు సగానికి విరిగి గుంటలోనే ఉండిపోయాయి. మిరపలో ఇంత తేడా లేదు.

ఇందులోని అమైనో ఆమ్లాలు, పాలిశాకరైడ్లు (సంక్లిష్ట పిండిపదార్థాలు), ఆక్సిన్, సైటోకైనిన్ అనే మొక్కల హార్మోన్ల వంటి పదార్థాలు పెరుగుదలను ప్రేరేపించేవే తప్ప నత్రజని, భాస్వరం, పొటాష్‌ల అవసరాన్ని తీర్చేవి కావు కనుక, దీన్ని ఎరువుకు బదులుగా వాడకూడదు. పైగా క్లోరెల్లా కణ కవచం చాలా గట్టిది. దాన్ని ఛేదించి తీసిన సారానికీ, ఎండు పొడిని నీళ్లలో కలిపిన దానికీ పోలికే లేదు.

నా ప్రధాన అభ్యంతరం లేబుల్ గురించే. సారాన్ని ఏ పద్ధతిలో తీశారో, అందులో ఘన పదార్థం ఎంత శాతమో దానిపై లేదు. లేత నారుకు వాడే ద్రావణం విషయంలో ఇది చిన్న లోపం కాదు. లీటరు నీటికి 2 మిల్లీలీటర్లకు బదులు 5 కలిపి పోసిన ఒక ట్రేలో మొక్కలు గిడసబారాయి. అడుగున మడ్డి కూడా పేరుకుంటుంది కాబట్టి సీసాను బాగా కుదిపి, ద్రావణాన్ని పలుచని గుడ్డలో వడకట్టకపోతే స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతుంది.

టమాటా నారుకు మళ్లీ తప్పకుండా కొంటాను. మిరపకు మాత్రం ఇప్పట్లో వాడను.