టోర్నడో వస్తోందంటే ఎవరి మాట వినాలి: సైరనా, ఫోనా, టీవీయా?

అమెరికాలో టోర్నడో, అంటే సుడిగాలి, హెచ్చరిక జారీ చేసేది ప్రభుత్వ వాతావరణ సంస్థ నేషనల్ వెదర్ సర్వీస్. అదే కబురు వీధి సైరన్‌లో మోగుతుంది, ఫోనులో వస్తుంది, హెచ్చరిక రాగానే దానంతటదే మోగే వెదర్ రేడియోలో వినిపిస్తుంది, స్థానిక టీవీ చానెల్లో కనిపిస్తుంది. కబురు ఒకటే కదా, ఎవరు మోసుకొస్తే ఏముంది అనుకుంటాం. జాప్లిన్ సంగతి తెలిస్తే అలా అనుకోలేం.

2011 మే 22న మిస్సోరీలోని జాప్లిన్‌లో సుడిగాలి నేలను తాకడానికి దాదాపు 20 నిమిషాల ముందే సైరన్లు మోగాయి. చాలామంది కదల్లేదు. ఆకాశం వంక చూశారు, టీవీ పెట్టారు, నిజమేనా అని ఇంకో ఆధారం వెతుక్కున్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. అక్కడ టోర్నడో హెచ్చరికల్లో నూటికి 70 దాకా ఉత్తవే అవుతుంటాయి. ‘నాన్నా పులి’ అని అన్నిసార్లు విన్న చెవికి సైరన్ ఒక మోత మాత్రమే. ఆ రోజు 150 మందికి పైగా చనిపోయారు. అసలు సైరన్లు పెట్టింది ఆరుబయట ఉన్నవాళ్ళ కోసం; తలుపులు మూసుకున్న ఇంట్లో వినిపిస్తాయన్న హామీ ఏమీ లేదు.

2012 నుంచి ఫోన్లకూ హెచ్చరికలు వస్తున్నాయి. మొదట్లో 90 అక్షరాలు, తర్వాత 360. ఉలిక్కిపడేలా చేయడంలో దానికి సాటి లేదు. కానీ సుడిగాలి మీ వీధి వైపు వస్తోందా, పక్క ఊరి మీదుగా పోతోందా అన్నది ఆ నాలుగు ముక్కల్లో ఇమడదు.

టీవీ ఇక్కడే గెలుస్తుంది. రాడార్ బొమ్మ మీద వీధి పేరు, కూడలి పేరు, ఎన్ని నిమిషాల్లో చేరుతుందో చెబుతుంది. 1999 మే 3న ఓక్లహోమా సిటీ, దాని పక్కనున్న మూర్ ఊరి వైపు వచ్చిన సుడిగాలిని హెలికాప్టర్ కెమెరాలు వెంటాడుతూ ప్రత్యక్షంగా చూపించాయి. అక్కడివాళ్ళకు అప్పటికే ఏళ్ళ తరబడి తెలిసిన ముఖం టీవీ వాతావరణ నిపుణుడు గ్యారీ ఇంగ్లండ్. నేల కిందికి దిగండని ఆయన అంటే అది ఇంటి పెద్ద చెప్పినట్టే. వేల ఇళ్ళు దెబ్బతిన్న ఆ విధ్వంసంలో సుడిగాలి నేరుగా తీసిన ప్రాణాలు 36. 2011 ఏప్రిల్ 27న అలబామాలో టీవీ వాతావరణ నిపుణుడు జేమ్స్ స్పాన్ ప్రసారంలో టస్కలూసా మీద తిరుగుతున్న సుడిగాలి టవర్ కెమెరాలో అలాగే కనిపించింది. కళ్ళెదుట కనబడుతున్నదాన్ని ఉత్త హెచ్చరిక అని కొట్టిపారేయడం కష్టం.

అయితే అదే రోజు పొద్దున వచ్చిన గాలివానకే అలబామాలో చాలా చోట్ల కరెంటు పోయింది. కరెంటు లేని ఇంట్లో టీవీ ఒక నల్లటి పలక. నిద్రపోయేవాళ్ళకూ అంతే. 2020 మార్చి 3న టెనసీలో అర్ధరాత్రి దాటాక వచ్చిన సుడిగాలులు 25 మందిని బలిగొన్నాయి. రాత్రిపూట నా ఓటు మాత్రం బ్యాటరీతో నడిచే వెదర్ రేడియోకే. గొంతు మరబొమ్మలా ఉంటుంది, వినసొంపుగా ఏమీ ఉండదు, కానీ నిద్ర లేపుతుంది. ఫోను సైలెంట్‌లో పెట్టకుండా పక్కన ఉంచుకుంటే అది రెండో కాపలా. మెలకువగా ఉండి, కరెంటు ఉన్నంతసేపూ టీవీయే మేలు.

టీవీని జనం అంతగా నమ్మడంలో ఒక ప్రమాదమూ ఉంది. 2013 మే 31న ఓక్లహోమాలోని ఎల్ రీనో దగ్గర దాదాపు 4.2 కిలోమీటర్ల వెడల్పున సుడిగాలి లేచింది. అప్పటికి పదకొండు రోజుల క్రితమే మూర్‌లో మరో సుడిగాలి 24 మందిని చంపింది, జనం బెదిరిపోయి ఉన్నారు. ఒక చానెల్లో కార్లెక్కి దక్షిణానికి వెళ్ళిపొమ్మన్నారు. ఓక్లహోమా సిటీ చుట్టుపక్కల రహదారులు కార్లతో బిగుసుకుపోయాయి. ఆ వరసల మీదికి సుడిగాలి మళ్ళి ఉంటే ఏమయ్యేదో ఊహకే అందదు. సుడిగాలి ఎక్కడుందో టీవీ చెబితే నమ్ముతాను. కారెక్కమంటే మాత్రం వినను. ఇంట్లోనే అన్నిటికన్నా కింది అంతస్తులో, కిటికీ లేని లోపలి గదిలోకి వెళ్తాను.