రైబోజోమ్ తిరగడం చూడాలంటే కైమెరాఎక్స్: బాగున్నవి, తప్పుదారి పట్టించేవి

కణంలో ప్రోటీన్లను తయారుచేసే యంత్రం రైబోజోమ్. కొత్త అమైనో ఆమ్లం ప్రోటీన్ గొలుసుకు అతుక్కున్నాక దాని చిన్న భాగం (30ఎస్ సబ్‌యూనిట్) పెద్ద భాగం (50ఎస్) మీద పది డిగ్రీల లోపు తిరుగుతుంది. అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే టీఆర్‌ఎన్‌ఏ కింది కొస పాత గదిలోనే ఉండగా పై కొస పక్క గదిలోకి వెళ్తుంది. అప్పుడు ఈఎఫ్-జి అనే సహాయక ప్రోటీన్ వచ్చి, శక్తినిచ్చే జీటీపీ అణువు ఖర్చుతో, సందేశ ఆర్‌ఎన్‌ఏను, టీఆర్‌ఎన్‌ఏలను సరిగ్గా మూడు బేసుల మేర ముందుకు జరుపుతుంది. పాఠ్యపుస్తకం బొమ్మలో ఈ తిరుగుడు అర్థం కాదు. కళ్లతో చూడటానికి యూసీఎస్‌ఎఫ్ (శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) వాళ్ల కైమెరాఎక్స్, అణువులను 3డీలో చూపే ప్రోగ్రామ్, చాలా మంచి సాధనం. విద్యార్థులకు, వాణిజ్యేతర పరిశోధనకు ఉచితం. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది.

మొదలుపెట్టడానికి ప్రోటీన్ డేటా బ్యాంక్ (పిడిబి) నుంచి 4వి9డి అనే నిర్మాణం తీసుకోండి. 2011లో ప్రచురితమైన ఈ ఇ. కోలై స్ఫటిక నిర్మాణంలో రెండు రైబోజోమ్‌లు ఉన్నాయి: ఒకటి తిరగనిది, రెండోది పూర్తిగా తిరిగి, టీఆర్‌ఎన్‌ఏ బాగా వంగిపోయి ఉన్నది. పాత పిడిబి ఫార్మాట్‌లో 99,999 పరమాణువులకు మించి పట్టవు కాబట్టి ఎంఎంసిఐఎఫ్ అనే కొత్త ఫార్మాట్ ఫైలే దించుకోవాలి. దాన్ని రెండుసార్లు తెరిచి, ఒకదాంట్లో ఒక రైబోజోమ్‌ను, ఇంకోదాంట్లో రెండోదాన్ని ఉంచి మిగతావి తీసేయండి. ఏ గొలుసు ఏదో లాగ్ (ప్రోగ్రామ్ సందేశాల కిటికీ) పట్టికలోనే కనిపిస్తుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడి నుంచే. రెండింటినీ ఒకదాని మీద ఒకటి పెట్టడానికి మ్యాచ్‌మేకర్ అనే కమాండు వాడతాం. అది మామూలుగా ప్రోటీన్ల కోసం అమర్చిన బ్లోసమ్-62 అనే పోలిక పట్టికతో మొదలవుతుంది. దాన్ని న్యూక్లియిక్‌కు మార్చి, 50ఎస్‌లోని పెద్ద ఆర్‌ఎన్‌ఏ అయిన 23ఎస్ ఆర్‌ఎన్‌ఏను 23ఎస్‌తో అని గొలుసులను మీరే ఎంచాలి. అప్పుడు 50ఎస్ కదలకుండా ఉంటుంది, 30ఎస్ తిరిగినంత కోణం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 30ఎస్‌లోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏతో జత చేస్తే చిన్నది ఆగిపోయి పెద్దది తిరిగినట్టుంటుంది. రెండూ అబద్ధం కాదు, కానీ ఏది పట్టుకుని చూశారో బొమ్మ కింద రాయకపోతే చూసేవాళ్లకు తప్పు అర్థం వెళ్తుంది. లాగ్‌లో వచ్చే ఆర్‌ఎంఎస్‌డి (జతపడిన పరమాణువుల మధ్య ఒక రకం సగటు దూరం) అంకెలు రెండూ చదవండి. మొదటిది 2 ఆంగ్‌స్ట్రామ్‌ల (పరమాణువుల దూరాలకు వాడే కొలత) కంటే దూరమైన జతలను కత్తిరించాక వచ్చింది, అది ఎప్పుడూ అందంగానే ఉంటుంది. అన్ని జతలదీ రెండోది.

మార్ఫ్ అనే కమాండు రెండు స్థితుల మధ్య సినిమా తయారు చేస్తుంది. తరగతిలో దీని విలువ అపారం, పిల్లలు ఒక్కసారి చూస్తే మరచిపోరు. కానీ మధ్యలోని ఫ్రేములు లెక్కకట్టి పూరించినవి, ప్రయోగంలో దొరికినవి కావు. రైబోజోమ్ ఆ దారినే వెళ్లిందని వాదించడానికి వాటిని వాడకూడదు.

మొత్తం రైబోజోమ్‌కు పరమాణువుల స్థాయిలో ఉపరితలం గీయిస్తే మామూలు ల్యాప్‌టాప్ కదలకుండా కూర్చుంటుంది. మోల్‌మ్యాప్ కమాండుకు 10 ఆంగ్‌స్ట్రామ్‌ల స్పష్టత ఇస్తే తేలిగ్గా గుండ్రటి ఆకారం వస్తుంది, కదలిక చూపడానికి అది చాలు.

30ఎస్ పై భాగమైన తల విడిగా తిరగడం చూడాలంటే ఇంకో మెట్టు ఎక్కాలి. 16ఎస్‌లో సుమారు 930 నుంచి 1390 వరకు ఉన్న బేసులు తల. వాటిని వదిలేసి మిగిలిన ఒంటినే జత చేయండి. అయితే తల బాగా తిరిగిన స్థితి 4వి9డిలో లేదు, దానికి ఈఎఫ్-జి అతుక్కుని మధ్యలో ఆగిన నిర్మాణాలు తెరవాలి.