ఉన్నట్టుండి ఆగిపోయే పాత కారుకు చవక బ్లూటూత్ స్కానర్ పనికొస్తుందా?

పాత పెట్రోలు కారు నడుస్తూ నడుస్తూ గప్పున ఆగిపోతుంది. పది నిమిషాలు వదిలేసి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. షెడ్డులో గంటసేపు ఆన్‌లో ఉంచినా ఒక్కసారి కూడా ఆగదు. ఇక ఒకటి తర్వాత ఒకటి పార్టులు మార్చడం మొదలవుతుంది, గుడ్డెద్దు చేలో పడ్డట్టు. ఇలాంటి బండికి ఈఎల్ఎమ్327 చిప్పు రకం బ్లూటూత్ స్కానర్ (కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోనుకు పంపే చిన్న పరికరం) ఎంతవరకు పనిచేస్తుందన్నదే ఇక్కడ విషయం. కోడ్లు (కారు కంప్యూటర్ నమోదు చేసే లోపాల నంబర్లు) చదవడానికే కొంటే సగం దండగ. బండి ఆగే ముందు పది సెకన్లు రికార్డు చేయడానికి కొంటే మాత్రం డబ్బుకు తగ్గ వస్తువే.

ముందు మీ బండికి పడుతుందో లేదో చూసుకోండి. స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉండాలి. అమెరికాలో 1996 మోడళ్ల నుంచి, యూరప్‌లో పెట్రోలు కార్లకు 2001 నుంచి ఓబీడీ2 (కారు కంప్యూటర్‌తో స్కానర్ మాట్లాడే ఉమ్మడి పద్ధతి) తప్పనిసరి. మిగతాచోట్ల సాకెట్ కనిపించినంత మాత్రాన స్కానర్ పలుకుతుందని నమ్మకం లేదు. కార్బురేటర్ బండికైతే దీంతో పనే లేదు.

కొనేటప్పుడు డబ్బా మీద వెర్షన్ అంకె చూసి మోసపోవద్దు. 1.5 అనే వెర్షన్ అసలు చిప్పు తయారు చేసినవాళ్లు ఎప్పుడూ విడుదల చేయలేదు, అయినా మార్కెట్ నిండా అదే. 2.1 అని రాసిన నకళ్లలో కొన్నింటికి పాత కార్లు వాడే కె-లైన్ (ఒకే వైరు మీద డేటా పంపే పద్ధతి) అర్థం కాదు. వాపసు తీసుకునే చోటే కొనండి. ఐఫోన్ వాడేవాళ్లు పాత తరం బ్లూటూత్ రకం కాకుండా బీఎల్‌ఈ (తక్కువ కరెంటు వాడే కొత్త తరం బ్లూటూత్) గానీ వైఫై గానీ ఉన్నది తీసుకోవాలి.

యాప్ పెట్టగానే ఇరవై రకాల రీడింగులు తెర మీద పరిచేయాలనిపిస్తుంది. వద్దు. కె-లైన్ చాలా నిదానం, సెకనుకు నాలుగైదు విలువలు వస్తే గొప్ప. పన్నెండు ఎంచుకుంటే ఒక్కోటి మూడు సెకన్లకోసారి మారుతుంది, ఇంజిన్ ఆగిపోవడానికి ఒక్క సెకను కూడా అక్కర్లేదు. ఆర్‌పీఎమ్, షార్ట్ ట్రిమ్, లాంగ్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును అప్పటికప్పుడు, దీర్ఘకాలంలో ఎంత శాతం పెంచుతోందో తగ్గిస్తోందో చెప్పేవి), మ్యాప్ లేదా మాఫ్ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడిని లేదా పరిమాణాన్ని కొలిచే సెన్సార్లు), కూలెంట్ వేడి: ఈ ఐదు చాలు. రికార్డింగ్ ఆన్ చేసి ఫోను పక్కన పడేయండి. నడుపుతూ చూడాల్సింది రోడ్డు. ఇంజిన్ ఆగితే స్టీరింగ్ బరువెక్కుతుంది, బ్రేకుకు ఒకటి రెండు తొక్కుల వరకే వాక్యూమ్ సాయం మిగులుతుంది.

అసలు పని రికార్డు చదవడంలో ఉంది. గేరులో, క్లచ్ తొక్కకుండా, చక్రాలు తిరుగుతూ ఉండగానే ఆర్‌పీఎమ్ ఒక్కసారిగా 0కి పడిందా? చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతున్నాయి కాబట్టి నిజంగా సున్నా అయ్యే వీల్లేదు. అంటే సిగ్నలే పోయింది. క్రాంక్ సెన్సార్‌ను (ఇంజిన్ తిరుగుడును కంప్యూటర్‌కు చెప్పేది), దాని వైరును అనుమానించాలి. వేడెక్కితే తెగి, చల్లారితే కలిసే జబ్బు దీనికి మామూలే, చాలాసార్లు పి0335 కోడ్ కూడా పడదు. ఆగిన వెంటనే సెల్ఫ్ కొడుతూ ఆర్‌పీఎమ్ చూడండి. బాగున్నప్పుడు సెల్ఫ్‌లో ఎంత చూపిస్తుందో ముందే రాసిపెట్టుకుంటే, అప్పుడు కనిపించే సున్నాకు అర్థం ఉంటుంది.

ఆర్‌పీఎమ్ గుంజుకుంటూ మెల్లగా పడిపోతూ, అంతకు ముందే షార్ట్ ట్రిమ్ +20 వైపు ఎగబాకుతుంటే పెట్రోలు చాలడం లేదు. ఫిల్టరు, పంపు, పంపు కనెక్టరు ఆ వరుసలో చూడాలి. ట్రిమ్ ఐడిలింగ్‌లో +15 ఉండి 2500 ఆర్‌పీఎమ్ దగ్గర 5 లోపుకు దిగితే ఎక్కడో వాక్యూమ్ గొట్టం గాలి లాగుతోంది. ఇది మాఫ్ ఉన్న ఇంజిన్లకే. మ్యాప్ మీద నడిచే వాటిలో లీకు ట్రిమ్‌లో పెద్దగా కనిపించదు, ఐడిలింగ్ పెరిగి కనిపిస్తుంది. ట్రిమ్‌లన్నీ మామూలుగా ఉండి, బండి ఆపబోయేటప్పుడు మాత్రమే ఆగిపోతుంటే థ్రాటిల్ బాడీలో మసి, ఐడిల్ వాల్వు చూడండి.

ఈ స్కానర్ దాదాపు యాదృచ్ఛికంగా పట్టిచ్చే సంగతి మరొకటుంది. దానికి కరెంటు 16వ పిన్ను నుంచి నేరుగా బ్యాటరీదే. ఇంజిన్ ఆగిన క్షణాన స్కానర్ లైటు వెలుగుతూనే ఉండి, యాప్ మాత్రం ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) జవాబివ్వడం లేదంటే కరెంటు పోయింది ఈసీయూకే. మెయిన్ రిలే (ఈసీయూకు కరెంటు ఇచ్చే స్విచ్చు), ఇగ్నిషన్ స్విచ్, ఎర్త్ వైరు, ముందు చూడాల్సినవి ఈ మూడు. రిలే మూత తీసి టంకం చుట్టూ వెంట్రుకంత పగులు ఉందేమో భూతద్దంతో చూడండి.

అయితే ఇక్కడే దీని పెద్ద లోపం. పాత సాకెట్లలో ఇది వదులుగా కూర్చుంటుంది, మోకాలు తగిలినా కనెక్షన్ తెగుతుంది. అప్పుడు రికార్డు అచ్చం మెయిన్ రిలే పోయినట్టే ఉంటుంది! జానెడు ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి స్కానర్‌ను పైకి కట్టేయడం మేలు.

పెట్రోలు ప్రెషరు, స్పార్కు దీనికి కనబడవు. ప్రెషరు గేజి, మల్టీమీటరు విడిగా ఉండాల్సిందే. మల్టీమీటరుతో బ్యాటరీ నెగటివ్ నుంచి ఇంజిన్ బ్లాకుకు సెల్ఫ్ కొడుతూ కొలిస్తే 0.5 వోల్టు దాటకూడదు. దాటితే ఎర్త్ కేబుల్ విప్పి రుద్దండి.

యాప్‌లో కోడ్లు చెరిపే బటన్ చేతికి అందేంత దగ్గరలో ఉంటుంది. దాన్ని నొక్కితే కోడ్‌తో పాటు ఫ్రీజ్ ఫ్రేమ్ (కోడ్ పడిన క్షణంలోని రీడింగుల నమోదు), నేర్చుకున్న ట్రిమ్‌లు కూడా పోతాయి. ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఇంకోటి, బండి ఆపాక స్కానర్ పీకేయండి. సాకెట్‌లోనే వారాల తరబడి వదిలేస్తే బ్యాటరీ దిగిపోతుంది, అప్పుడు స్టార్టవ్వకపోవడానికి కారణం ఈ స్కానరే అవుతుంది.