లిథియంతో 11 ఏళ్లు: ఫ్రిజ్ మీద అంటించిన 0.7

మనసు ఒకసారి హద్దు దాటి హుషారెక్కి, ఇంకోసారి పూర్తిగా కుంగిపోయే బైపోలార్ జబ్బు గురించీ, దాన్ని అదుపులో ఉంచే లిథియం మాత్ర గురించీ ఇక్కడ వివరంగా రాయను. వాడేవాళ్లకు తెలుసు, వాళ్ల ఇంట్లోవాళ్లకు ఇంకా బాగా తెలుసు. చేతుల వణుకు, దాహం, రాత్రి రెండుసార్లు బాత్రూమ్‌కి లేవడం నాకూ ఉన్నాయి, అలవాటైపోయాయి. నేను చెప్పేదంతా రక్తంలో లిథియం ఎంతుందో చూసే లెవెల్ టెస్టు గురించే.

ఈ జబ్బులో మిగతావన్నీ మాటలే. ఈ నెల ఎలా ఉన్నారని డాక్టరు అడిగితే నేనొకటి చెబుతాను, పక్కనున్న మా ఆవిడ ఇంకొకటి చెబుతుంది. నేను కాస్త హుషారుగా ఉంటే చాలు, ఆమెకు టెన్షన్. ఇంత గొడవ మధ్య, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తమిస్తే, ఒక అంకె వస్తుంది. నాకు 0.6 నుంచి 0.8 మధ్య ఉంటే చాలన్నారు. 0.7 వచ్చిన కాగితాన్ని ఫ్రిజ్ మీద, పిల్లల మార్కుల పక్కన అంటించేవాణ్ణి. "నాన్న పాస్" అని పెద్దది చప్పట్లు కొట్టేది. "మాత్ర వేసుకున్నావా?" అని రోజూ అడిగే ఇల్లు ఆ ప్రశ్న మానేసింది. ఆ సుఖం అనుభవించినవాళ్లకే తెలుస్తుంది.

లిథియం మొదలైన ఆరో ఏట, స్కూళ్లు తెరిచే వారం. నడుము పట్టేస్తే అలమరాలో ఉన్న ఐబూప్రోఫెన్ ఐదురోజులు వేసుకున్నాను. అది తగ్గేలోపు చిన్నాడి నుంచి నాకు వాంతులు, విరేచనాలు అంటుకున్నాయి. రెండోరోజు సాయంత్రం కాస్త తెరిపిన పడ్డాననిపించి పిల్లల పుస్తకాల మీద పేర్లు రాయడానికి కూర్చున్నాను. నా చేతిరాత బాగుంటుందని ఆ పని ఎప్పుడూ నాదే. మొదటి లేబుల్ కొంచెం వంకర పోయింది. మూడోదాని మీద అక్షరం ఒకచోట, తలకట్టు ఇంకోచోట పడ్డాయి. చిన్నాడు నవ్వాడు, పెద్దది నవ్వలేదు. "అమ్మా, నాన్న చెయ్యి చూడు" అంది.

లేచి నడిస్తే గోడకు తగిలాను. నాలుక మందంగా ఉంది. మాత్రలు ఎగ్గొట్టానని మా ఆవిడ అనుకుంది. నాకు కోపం వచ్చి ఫ్రిజ్ వైపు వేలు చూపించాను, 0.7 ఉంది చూడమని. ఆ కాగితం వయసు ఏడు వారాలు. ఎగ్గొట్టలేదని రుజువు చేయడానికి రాత్రి మాత్ర కూడా అక్కడే వేసుకోబోయాను. ఆమె దాన్ని నా చేతిలోంచి లాక్కుని డాక్టరుకు ఫోన్ చేసింది. వేసుకోవద్దు, వెంటనే తీసుకురమ్మన్నారు. ఆస్పత్రిలో లెవెల్ 1.9. మూడురోజులు సెలైన్ మీద ఉన్నాను.

లిథియం బయటికి పోయేది కిడ్నీల గుండానే. ఐబూప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఆ దారిని ఇరుకు చేస్తాయి, ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే ఇంకా ఇరుకు. మానియాకు, అంటే ఆ హద్దు దాటిన హుషారుకు, లిథియం పనిచేస్తుందని ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ రాసింది 1949లో. అదే ఏడు అమెరికాలో, ఉప్పుకు బదులుగా లిథియం ఉప్పు వాడిన గుండెజబ్బు రోగులు కొందరు చనిపోయారు. మందుకూ విషానికీ మధ్య ఎడం అంత తక్కువ. మొదట మాత్ర రాసిన చోట ఈ సంగతి నాకెవరూ చెప్పలేదని చాలాకాలం మండిపడ్డాను. చెప్పారేమో కూడా. అప్పుడు నేను వినే స్థితిలో ఉన్నానా?

టెస్టు మీద నా ప్రేమ పోలేదు గానీ, అది ఆ ఉదయం సంగతి మాత్రమే చెబుతుందని ఇప్పుడు తెలుసు. తొమ్మిదో ఏట లెవెల్ సరిగ్గా 0.7 ఉండగానే నాలుగు రాత్రులు మూడేసి గంటలు పడుకుని, అర్ధరాత్రి పిల్లల గదికి రంగులు వేయడం మొదలుపెట్టాను. దాన్ని పట్టుకుంది రక్తపరీక్ష కాదు, మా ఆవిడే. ఇప్పుడు ఎన్ని గంటలు నిద్రపోయానో రోజూ క్యాలెండర్‌లో రాస్తాను.

నా కిడ్నీలు ఇప్పటికి బాగానే ఉన్నాయి. థైరాయిడ్ మాత్ర ఎనిమిదో ఏట తోడైంది. నన్ను గమనించే మనిషి ఇంట్లో ఉంది కాబట్టి లిథియం నాకు కుదిరింది. ఒంటరిగా ఉండేవాళ్లకు ఇంత ధైర్యంగా చెప్పలేను. బీపీ మందులు వాడేవాళ్లు, బిడ్డను కనాలనుకునేవాళ్లు నా మాట పక్కనపెట్టి ముందు డాక్టరుతో మాట్లాడుకోవాలి. నేనైతే మానను. నొప్పి మాత్ర ఏదైనా సరే అడగకుండా వేసుకోను.

కాగితాలు ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉండవు. నాన్న ఒంట్లో మందు ఎంతుందో చూసుకోవడం పిల్లల పని కాదని ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే మా ఆవిడ వాటిని తీసి ఫైల్లో పెట్టింది. పెద్దది మాత్రం ఇప్పటికీ నేను ఏదైనా రాస్తుంటే వచ్చి పక్కన నిలబడుతుంది.