సైకిల్ తాళాలు: ఆరేళ్లు వాడాక నా అనుభవం

నా మొదటి సైకిల్ పోయింది రోడ్డు మీద కాదు, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో. హైదరాబాద్‌లోని నల్లగండ్లలో కొత్తగా దిగిన రోజులవి. వాచ్‌మన్ ఉన్నాడు, కెమెరా కూడా ఉంది (అది గేటు వైపు కాక ట్రాన్స్‌ఫార్మర్ వైపు చూస్తోందని తర్వాత తెలిసింది). 250 రూపాయల నంబర్ కేబుల్ లాక్‌ను వెనక చక్రానికీ ఫ్రేమ్‌కీ చుట్టి, స్తంభానికి ఆనించి వెళ్లి పడుకున్నాను. పొద్దున సైకిల్ లేదు, తెగిన కేబుల్ నేల మీద ఉంది.

ఆ ముక్క ఇంకా నా దగ్గరే ఉంది. పైకి బొటనవేలంత లావు. నల్ల ప్లాస్టిక్ తొడుగు ఒలిచి చూస్తే లోపల పెన్సిలంత కూడా లేని సన్న తీగల పేట. మంచి కట్టర్ ఉన్నవాడికి అదెంత పని! సంగతి విని మా వీధి పంక్చర్ షాపాయన అడిగాడు: "చక్రాన్ని ఫ్రేమ్‌కి కట్టారు సరే సార్, సైకిల్‌ని దేనికి కట్టారు?" నా దగ్గర జవాబు లేదు.

నంబర్ లాక్‌కి కట్టర్ కూడా అక్కర్లేదట. ఎనిమిదో తరగతి చదివే మా అక్క కొడుకు చేసి చూపించాడు. తాళాన్ని కాస్త లాగి పట్టుకుని ఒక్కో అంకె తిప్పుతూ పోయాడు. సరైన అంకె దగ్గర వేలికి చిన్నగా పట్టేసినట్టు తెలుస్తుందట. నాలుగంకెలంటే పదివేల రకాలు కదా అని నేను ధీమాగా ఉన్నాను. నా టీ చల్లారేలోపు తాళం తీసి చేతిలో పెట్టాడు. చవక తాళాలన్నిటి సంగతీ ఇంతే అనను గానీ, నాది మాత్రం అంతే.

రెండో సైకిల్‌కి యూ లాక్ కొన్నాను, అంటే యూ ఆకారపు లావాటి కడ్డీ, దాని కొనల్ని కలిపి తాళం పడే అడ్డకడ్డీ. 1,900 అయింది. ఐదేళ్ల పైనుంచి రోజూ వాడుతున్నాను. కొనేటప్పుడు చూడాల్సింది లావొక్కటే కాదు. కడ్డీ రెండు కొనలూ అడ్డకడ్డీలో బిగుసుకోవాలి. ఒక కొనే బిగిస్తే ఒక్క చోట కోసి తిప్పితే వచ్చేస్తుంది, రెండూ బిగిస్తే రెండు చోట్ల కోయాలి. లోపలి ఖాళీ ఎంత తక్కువైతే అంత మంచిది, రాడ్డు దూర్చి విరవడానికి చోటుండదు. డబ్బా మీద పదికి ఎనిమిదని ఉండే మార్కులు కంపెనీ తనకు తాను వేసుకున్నవి. బ్రిటన్‌లో సోల్డ్ సెక్యూర్ అనే సంస్థ తాళాలను పరీక్షించి బ్రాంజ్, సిల్వర్, గోల్డ్, డైమండ్ అని గ్రేడ్ ఇస్తుంది. ఆ ముద్ర ఉంటే కాస్త నమ్మొచ్చు. బ్యాటరీ గ్రైండర్‌తో వచ్చినవాడి ముందు మామూలు యూ లాక్ ఏదైనా కొద్ది నిమిషాలే. అయితే ఆ చప్పుడుకి, నిప్పురవ్వలకి నలుగురూ తిరిగి చూస్తారు.

అసలు చిక్కు మన ఊళ్లో దీన్ని దేనికి తగిలించాలన్నదే. కరెంటు స్తంభం యూ లాక్‌లో పట్టదు. మా పక్క ఫ్లాట్ ఆయన డ్రైనేజీ పైపుకి కట్టేవాడు. అది పీవీసీ పైపు, రంపంతో చిన్నపిల్లాడైనా కోస్తాడు. చివరికి వెల్డింగ్ అతన్ని పిలిపించి సెల్లార్ గోడలోకి ఇనప కమ్మీ వేయించుకున్నాం. ఇంటి దగ్గర ఇప్పుడు నిశ్చింత. లింగంపల్లి స్టేషన్ దగ్గర మాత్రం పొద్దున్నుంచి రాత్రిదాకా వదిలేయాలి కాబట్టి ఒక గొలుసు తాళం కూడా కొన్నాను. మూడు కిలోల బరువు, మోసుకు తిరగడం నా వల్ల కాక దాన్ని అక్కడి రెయిలింగ్‌కే ఉంచేస్తున్నాను. ఆదివారాలు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కి వెళ్తే సన్న కేబుల్ చాలు, టీ తాగుతూ సైకిల్ మీద ఓ కన్నేసి ఉంచుతాను.

యూ లాక్ మీద నా ఫిర్యాదులు రెండు. ఫ్రేమ్‌కి బిగించే ప్లాస్టిక్ క్లిప్పు స్పీడ్ బ్రేకర్ల దెబ్బకి ఎనిమిది నెలల్లో విరిగింది, అప్పట్నుంచీ తాళం బ్యాగులోనే. రెండోది వాన. మొదటి వర్షాకాలంలో ఒకరోజు తాళంచెవి తిరగనే లేదు. ఆఖరి రైలు దిగి, ఫోన్ లైటు పెట్టుకుని, చెయ్యి నొప్పెట్టేదాకా తిప్పాను. కొబ్బరినూనె పొయ్యమని ఎవరో అంటే పోశాను కూడా. దుమ్ము పట్టి ఇంకా జిగురైంది. ఇప్పుడు రెండు నెలలకోసారి డబ్ల్యూడీ-40 అనే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి తుడుస్తాను, చెవి దూర్చే రంధ్రం కిందికి ఉండేలా వేస్తాను.

పోయిన దసరా ముందు స్టేషన్ దగ్గర ఎవరో ప్రయత్నించారు. యూ లాక్ కడ్డీ మీద రంపపు గాటు ఒకటి, గోరు ఆనితే తెలిసేంత లోతు. సైకిల్ ఉంది, చక్రాలు రెండూ ఉన్నాయి, సీటే లేదు. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేని లీవర్ సీటది, చేత్తో లాగి పట్టుకుపోయాడు. ఇంటిదాకా నిలబడే తొక్కాను. మర్నాడు పంక్చర్ షాపాయన కొత్త సీటు పెట్టి, లీవర్ తీసేసి, ప్రత్యేక తాళంచెవి లాంటి పనిముట్టుతోనే తిరిగే అలెన్ బోల్టు బిగిస్తూ, "ఈసారి హ్యాండిల్ పట్టుకుపోతాడేమో చూస్కోండి సార్" అన్నాడు. నవ్వాను గానీ, ఆ సాయంత్రం హ్యాండిల్ బోల్టులు కూడా ఒకసారి చూసుకున్నాను.