ప్లానెటేరియంలో న్యూట్రినో షో: బొమ్మ బాగుంది, మాటే ఎక్కువైంది

పాలపుంత నుంచి వచ్చే న్యూట్రినోల (దేన్నీ దాదాపు తాకకుండా దూసుకుపోయే, విద్యుదావేశం లేని అతి చిన్న కణాల) మీద వేసిన ఈ షోకి, ఫిజిక్స్ పాఠాలు చెప్పుకునే మనిషిగా, మూడున్నర స్టార్లు ఇస్తాను. అంటార్కిటికా మంచులో ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోమీటర్ల లోతున వేలాడే ఐస్‌క్యూబ్ అనే న్యూట్రినో డిటెక్టర్ సెన్సార్లు, ఐదు వేలకు పైనే ఉంటాయి, న్యూట్రినో మంచును గుద్దినప్పుడు పుట్టే నీలి వెలుగును పట్టే సీన్ ఒక్కదానికే టికెట్ గిట్టుబాటు. కాస్మిక్ కిరణాలు (అంతరిక్షంలో మహా వేగంగా తిరిగే కణాలు) గెలాక్సీలోని వాయువును గుద్దడం, పయాన్లనే క్షణికమైన కణాలు పుట్టడం, వాటిలో విద్యుదావేశం ఉన్నవి న్యూట్రినోలుగా, లేనివి గామా కిరణాలుగా మారడం తొందరపడకుండా చూపించారు.

కామెంటరీతోనే పేచీ. 2023లో వచ్చిన ఐస్‌క్యూబ్ ఫలితం 4.5 సిగ్మా, అంటే అది కాకతాళీయమయ్యే అవకాశం చాలా తక్కువ. న్యూట్రినోలు మన గెలాక్సీ తలం (పళ్లెంలా పరుచుకున్న భాగం) నుంచి వస్తున్నాయని తెలిసింది గానీ, ఫలానా సూపర్నోవా శకలం (పేలిన నక్షత్రం అవశేషం) నుంచే అని తేలలేదు. వీళ్లేమో పుట్టిల్లు దొరికిపోయినట్టు ఊదరగొట్టారు. సౌండ్ కూడా తగ్గించాలి, పిల్లలు చెవులు మూసుకున్నారు.